పాత మడత చాకులు: చూసి కొనడం, బాగుచేసుకోవడం, ఉప్పుగాలికి పాడవకుండా దాచుకోవడం

పాత మడత చాకు చేతికి రాగానే చాలామంది బ్లేడు మెరుపు చూసి వెల కడతారు. దాని ఆయుష్షంతా కీలులో, వెన్ను వెంట ఉండే స్ప్రింగులో ఉంటుంది. బ్లేడు నల్లబడినా, పిడి మాసినా చాకు నిలుస్తుంది. కీలు వదులై, స్ప్రింగు కిందికి తుప్పు దిగితే మాత్రం తిరిగి దారికి తేవడం కష్టం. కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా మన నెల్లూరు, ప్రకాశం తీరంలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఇసకపల్లిలో ఉప్పు పండించే గాలే మీ బీరువాలోకీ వస్తుంది. అందుకే కొనడం ఎలాగో చెప్పడంతో ఆగకుండా, కాపాడుకోవడం గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి.

ముందు చాకును చదవడం నేర్చుకోండి

చాకును మడిచి, వెన్ను మీ వైపు ఉండేలా పట్టుకోండి. పిడి రెండు వైపులా కనిపించేవి పిడి చెక్కలు. అవి ఎముకో, కొమ్మో, కొయ్యో, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్కో అయి ఉంటాయి. వాటి కింద పల్చటి ఇత్తడి రేకులు రెండుంటాయి. చివర బ్లేడు తిరిగే చోట ఉన్న లోహపు తొడుగు పొన్ను. పొన్నులోంచి అడ్డంగా పోయే మేకు మీదే బ్లేడు తిరుగుతుంది. రెండు రేకుల మధ్య, వెన్ను పొడవునా ఉన్న ఉక్కు పట్టీ స్ప్రింగు. బ్లేడు మొదలును ఈ స్ప్రింగు గట్టిగా నొక్కి పడుతుంది. తెరిచినప్పుడు నిలబెట్టేదీ, మూసినప్పుడు పట్టి ఉంచేదీ ఆ ఒత్తిడే. సంప్రదాయ చాకుల్లో తాళం ఉండదు. కాబట్టి వెన్ను మీద బలం పడే పని, అంటే పొడవడం, తిప్పి పెకలించడం లాంటివి చేస్తే బ్లేడు వేళ్ళ మీదికి మడుచుకుంటుంది.

బ్లేడు మీద నెలవంకలా ఉన్న గాడి గోరు పెట్టి లాగడానికి. బ్లేడు మొదట్లో, పదును మొదలయ్యే చోటుకు ముందు, చిన్న బొడిపె ఒకటుంటుంది. మూసినప్పుడు అది స్ప్రింగుకు ఆనుకుని, పదునంచు స్ప్రింగును తాకకుండా ఆపుతుంది. ఈ బొడిపె సంగతి గుర్తుంచుకోండి, కొనేటప్పుడు పనికొస్తుంది.

ఏది సేకరించాలో తేల్చుకోండి

కనిపించిందల్లా కొంటే ఏడాది తిరిగేసరికి పెట్టె నిండా తుప్పు తప్ప సేకరణ ఉండదు. ఒక గీత గీసుకోండి. కొందరు ఆకారాన్ని పట్టుకుంటారు. ఒకే పొడవున్న రెండు బ్లేళ్ళు ఒకే చివర నుంచి తెరుచుకునేది ట్రాపర్. మూడు బ్లేళ్ళది స్టాక్‌మన్. పొడవాటి పొన్ను ఉన్నది బార్లో. మూసినప్పుడు మూడంగుళాల లోపు ఉండే బుల్లి చాకు పీనట్. ఇంకొందరు ఊరిని పట్టుకుంటారు: ఇంగ్లండులో షెఫీల్డు, జర్మనీలో సోలింగెన్, ఫ్రాన్సులో థియేర్, జపానులో మికి, మన దేశంలో రాంపూర్.

కొత్తగా మొదలుపెట్టేవారికి తేలికైన దారి ఒకటుంది. ఒక ఒపినెల్, ఒక విక్టోరినాక్స్, ఒక పాత షెఫీల్డు చాకు, ఒక దేశవాళీ చాకు, ఈ నాలుగూ సంపాదించి ఆరు నెలలు వాటితోనే గడపండి. ఒపినెల్‌కు స్ప్రింగు ఉండదు. 1890లో ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో పుట్టిన ఆ చాకుకు 1955లో తిప్పే రింగు తాళం చేర్చారు. 8వ నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మన తేమకు దాని కొయ్య పిడి ఉబ్బి బ్లేడును బిగించేస్తుంది. కొయ్యకు, ఉక్కుకు నీటితో ఉన్న పేచీ ఏమిటో దానితో బాగా తెలుస్తుంది. విక్టోరినాక్స్ మూలం 1884లో స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ పెట్టిన కర్మాగారం. సైనిక అధికారుల కోసం చేసిన చాకు నమూనాను 1897లో నమోదు చేయించారు. స్ప్రింగులు ఎంత సమంగా, ఎంత శుభ్రంగా కదలాలో తెలియడానికి ఇది కొలబద్ద. పాత చాకు ఏది చేతిలోకి వచ్చినా ముందు దీన్ని ఓసారి తెరిచి మూసి, తర్వాత దాన్ని తెరవండి. తేడా వేలికే తెలుస్తుంది.

మన ప్రాంతానికే చెందినది కావాలంటే గంటం, చాకు కలిసిన మడత పనిముట్టు కోసం వెతకండి. తాటాకు మీద రాసే ఇనుప గంటం ఒక వైపు, ఆకును కోసి సరిచేసే చిన్న బ్లేడు ఇంకో వైపు, రెండూ ఒకే పిడిలోకి మడుచుకునేవి దక్షిణాదిలో వాడుకలో ఉండేవి. ఇలాంటిది కనిపిస్తే బేరం దగ్గర మరీ పట్టుబట్టకండి. వందేళ్ళు దాటినదైతే 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుందని, దాన్ని దేశం దాటించకూడదని కూడా తెలిసి ఉండాలి.

ఎక్కడ దొరుకుతాయి

నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరుల్లో పాత ఇనుప సామాన్లు కొనే గుజిరీ అంగళ్ళు మొదటి చోటు. అక్కడ చాకు తూకానికి పోతుంది. కిలోల లెక్కన కరిగించడానికి వెళ్ళేలోపు మీ కంట పడాలి. వారానికోసారి వెళ్ళి, ఏం కావాలో అంగడి ఆయనకు చెప్పి, ఒక నమూనా చూపించి రండి. ఇత్తడి రేకు, ఎముక పిడి అని చెబితే చాలు, పక్కన తీసి పెడతారు. తిరనాళ్ళలో చిల్లర సామాన్ల అంగళ్ళు రెండో చోటు. అక్కడ దొరికేవి ఎక్కువగా కొత్తవీ, చవకవీ. దేశవాళీ పని తెలుసుకోవడానికి ఒకటి రెండు కొనవచ్చు.

మూడోది పాత ట్రంకు పెట్టెలు. 1953 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి షెఫీల్డు సరుకు మద్రాసు మీదుగా మన ఊళ్ళకు చేరేది. కరణాల ఇళ్ళు, బడిపంతుళ్ళ ఇళ్ళు, పొగాకు వ్యాపారం చేసిన ఇళ్ళు అడిగి చూడండి. కలం చెక్కడానికి, పెన్సిలు చెక్కడానికి, బేళ్ళ పురికోస కోయడానికి చిన్న చాకు వాళ్ళ చేతిలో ఉండేది. ఇంటి పెద్దల దగ్గర కొనేటప్పుడు ఎవరిది, ఏ పనికి వాడారు అని అడిగి, వాళ్ళ ఎదుటే కాగితం మీద రాసుకోండి. ఆ నాలుగు మాటలు లేకపోతే అది ఊరూపేరూ లేని చాకే అవుతుంది.

కొనేముందు చేతిలో పెట్టుకుని చూడాల్సినవి

పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద గుంతలు కనపడవు. ఒక నూలు గుడ్డ, సెల్‌ఫోను టార్చి, భూతద్దం చాలు.

మొదట మూసి ఉన్న చాకు వెన్నును టార్చికి ఎదురుగా పట్టుకుని, బ్లేడు ఉండే వైపు నుంచి చూడండి. స్ప్రింగుకూ రేకులకూ మధ్య వెలుతురు గీతలా కనిపిస్తే అక్కడ తుప్పు ఉబ్బి రేకును నెట్టిందని అర్థం. తర్వాత వేలితో వెన్ను మీద నిమరండి. స్ప్రింగు రేకులతో సమంగా ఉండాలి. చాకును తెరిచి మళ్ళీ నిమరండి, అప్పుడూ సమంగానే ఉండాలి. రెండు స్థితుల్లోనూ సమంగా ఉంటే చేసినవాడు పనిమంతుడు. ఇది ఒక్కటి సరిగ్గా ఉన్నా ఆ చాకు మీద గౌరవం పెరుగుతుంది.

ఇప్పుడు మెల్లగా తెరవండి. మొదట గట్టిగా, మధ్యలో ఒకే తీరుగా, చివర టక్కుమని కూర్చోవాలి. మూసేటప్పుడూ అంతే, చివరి మూడో వంతులో స్ప్రింగే లాక్కోవాలి. మీరు చివరిదాకా నెట్టాల్సి వస్తే స్ప్రింగు చచ్చింది. కొన్ని చాకులు సగంలో, నిలువుగా ఉన్నప్పుడు, ఒకసారి ఆగుతాయి. అది లోపం కాదు, అలాగే చేస్తారు.

పూర్తిగా తెరిచి, బ్లేడును రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకు కదపండి. పాత చాకులో మొన దగ్గర అర మిల్లీమీటరు కదిలితే పరవాలేదు. కదిలినప్పుడు కీలు దగ్గర చప్పుడు వస్తే మేకు అరిగింది. మేకు తలను చిన్న సుత్తితో తట్టి బిగించవచ్చు గానీ, ఆ పని కమ్మరి పెద్ద సుత్తి కింద జరగకూడదు. కంసాలి దగ్గర ఉండే చిన్న దాగలి, తేలిక సుత్తి దీనికి సరైనవి. ఒక్క దెబ్బ ఎక్కువైతే పొన్ను పక్కనున్న ఎముక చీలుతుంది.

తర్వాత బ్లేడు ఎంత అరిగిందో చూడండి. గోరు గాడికీ పదునంచుకూ మధ్య దూరం, బ్లేడు మొదట్లో సాన పడని చోట వెడల్పు, ఈ రెండూ పోల్చండి. పదును మొదలయ్యే చోట మెట్టులా లోపలికి పోయి ఉంటే ఎన్నో ఏళ్ళు నూరారన్నమాట. అలా అరిగిన చాకు మూసినప్పుడు మొన పిడి అంచు దాటి పైకి పొడుచుకు వస్తుంది, జేబులో చెయ్యి పెడితే గుచ్చుకుంటుంది. కొందరు అమ్మేవాళ్ళు ఇది దాచడానికి ఇందాక చెప్పిన బొడిపెను ఆకురాయితో రాసేస్తారు. మొన లోపలికి దిగుతుంది, కానీ పదునంచు పోయి స్ప్రింగుకు కొట్టుకుంటుంది. భూతద్దంతో చూస్తే పదునులో ఒకే చోట నొక్కు కనిపిస్తుంది. అలాంటిది వదిలేయండి.

చివరగా పిడి. ఎముక అయితే సన్నని నల్లని చుక్కలు, గీతలు ఉంటాయి. అవి రక్తనాళాలు పోయిన దారులు. కొమ్ము అయితే టార్చి వెలుతురు అంచుల్లోంచి కొద్దిగా దాటుతుంది. సెల్యులాయిడ్‌ను గుడ్డతో పది సార్లు గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తుంది. ఈ వాసన వస్తే కొనకూడదని కాదు, దాన్ని వేరే పెట్టెలో పెట్టాలని అర్థం. ఎందుకో దాచుకోవడం గురించి చెప్పేటప్పుడు చూద్దాం.

ముద్ర చదవడం

తయారీదారు ముద్ర బ్లేడు మొదట్లో ఉంటుంది. అరిగిపోయి కనపడకపోతే ఉప్పుకాగితంతో రుద్దకండి, ఉన్నది కాస్తా పోతుంది. కొంచెం పౌడరు చల్లి వేలితో తుడవండి, అక్షరాల గుంతల్లో తెల్లగా నిలుస్తుంది. టార్చిని పక్క నుంచి, దాదాపు బ్లేడుకు సమాంతరంగా వేసి ఫొటో తీయండి. చదవడం అయ్యాక పౌడరు మొత్తం తుడిచేయాలి, అది తేమను పట్టి ఉంచుతుంది.

మన వైపు ఎక్కువగా వినపడే పేరు జోసెఫ్ రోడ్జర్స్. షెఫీల్డు కంపెనీ అయిన దీని నక్షత్రం, మాల్టా శిలువ గుర్తు 1682 నాటిది. ఆ పేరుకున్న గిరాకీ చూసి నకళ్ళు కూడా విపరీతంగా వచ్చాయి. రెండు గుర్తుల్లో ఒకటే ఉన్నా, పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, ముద్ర లోతు ఒక వైపు ఎక్కువ ఇంకో వైపు తక్కువ ఉన్నా అనుమానించండి. ముద్ర ఎంత బాగున్నా వెన్ను సమంగా లేకపోతే మళ్ళీ అనుమానించండి. పేరు కొట్టడం సులువు, స్ప్రింగు అమర్చడం సులువు కాదు.

అమెరికా చాకుల్లో కేస్ కంపెనీది వయసు కట్టడానికి అన్నిటికంటే తేలిక. 1970లో పేరు కింద పది చుక్కలు వేసి, ఏటా ఒక చుక్క తీసేస్తూ వచ్చారు. ఏడు చుక్కలుంటే 1973, ఒక్కటే ఉంటే 1979.

బిగుసుకుపోయిన చాకును తెరవడం

ట్రంకు పెట్టెలో, గుజిరీలో దొరికేవి చాలావరకు తెరుచుకోవు. ఇక్కడ తొందరపడితే స్ప్రింగు దాన్ని పట్టి ఉంచే మధ్య మేకు దగ్గర విరుగుతుంది, ఎందుకంటే తుప్పు ముందు తినేది ఆ చోటునే.

మూడు పాళ్ళు కిరసనాయిలు, ఒక పాలు కుట్టుమిషను నూనె కలపండి. చిన్న స్టీలు గిన్నెలో పొన్ను మునిగేంత, అంటే ఒక సెంటీమీటరు లోతున పోసి, చాకును కీలు కిందికి ఉండేలా నిలబెట్టండి. పిడి మొత్తం ముంచవద్దు. ఎముక, కొయ్య కిరసనాయిలు తాగి మచ్చ పడతాయి. స్ప్రింగు వెంట పైనుంచి నాలుగైదు చుక్కలు సూదితో వదలండి. రాత్రంతా, కనీసం పన్నెండు గంటలు ఉంచండి.

మర్నాడు బయటికి తీసి తుడవండి. పిడిని మందపాటి గుడ్డలో చుట్టి ఒక చేత్తో పట్టుకోండి. వేళ్ళు బ్లేడు దారిలో ఉండకూడదు. ఇంకో చేత్తో ఒక తోలు ముక్క మధ్యలో బ్లేడును చిటికెతో పట్టి లాగండి. గోరు గాడిలో గోరు పెట్టి లాగితే ముందు గోరు విరుగుతుంది. పటకారు పడితే బ్లేడు మీద పళ్ళ గుర్తులు శాశ్వతంగా మిగులుతాయి. రాకపోతే మళ్ళీ రాత్రంతా ఉంచండి. వారం పట్టినా పరవాలేదు.

ఐదు మిల్లీమీటర్లు కదిలిందంటే గెలిచినట్టే. అక్కడే ఆగి, మూసి, ఒక చుక్క నూనె వేసి మళ్ళీ తెరవండి. కీలులోంచి ఎర్రటి బురద లాంటిది వస్తుంది. దాన్ని తుడుస్తూ, కొంచెం కొంచెం ఎక్కువ తెరుస్తూ పోవాలి. తుడిచిన గుడ్డ మీద ఎరుపు పోయి నూనె తేటగా వచ్చేదాకా ఇదే పని. పూర్తిగా తెరుచుకున్నాక బలవంతంగా టక్కుమని మూయకండి, లోపల మిగిలిన తుప్పు పొడి ఆకురాయిలా కీలును తింటుంది.

శుభ్రం చేయడం, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం

ఎర్రది తుప్పు, అది పోవాలి. నలుపు, బూడిద, నీలి ఛాయలున్న పొర ఉక్కుకు రక్ష, అది ఉండాలి. నిమ్మకాయ, మామిడికాయ కోసిన కార్బన్ ఉక్కు బ్లేడు నల్లబడేది ఇలాగే. గూడూరు, పొదలకూరు నిమ్మతోటల వైపు వాడిన చాకులు తరచూ ఇలా కనిపిస్తాయి. దాన్ని అద్దంలా తోమితే చాకు చరిత్ర, విలువ రెండూ పోయి, పైగా కొత్త తుప్పు రెండు రోజుల్లో పట్టుకుంటుంది.

తుప్పు మచ్చల మీద నూనె చుక్క వేసి పది నిమిషాలాగి, అన్నిటికన్నా మెత్తని రకం స్టీలు ఊలుతో, మొదలు నుంచి మొన వైపుకు మాత్రమే రుద్దండి. గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయి. ముద్ర ఉన్న చోట ఊలు వద్దు, వెదురు పుల్ల చివర నలగ్గొట్టి దానితో చేయండి. పిడి లోపలి దుమ్ముకు పళ్ళుకుట్టే పుల్లలు, చెవి దూది పుల్లలు సరిపోతాయి.

ఇత్తడి కదా అని పూజ సామాన్లు తోమినట్టు చింతపండు పెట్టకండి. ఆ పులుపు రేకుకూ స్ప్రింగుకూ మధ్యకు దిగితే కడిగినా పోదు. ఇత్తడి మెరుస్తుంది, పక్కనే ఉక్కు లోపల్నుంచి కుళ్ళుతుంది. వెనిగరులో నానబెట్టడం కూడా ఎముక పిడి ఉన్నవాటికి పనికిరాదు, పులుపు ఎముకను మెత్తబరుస్తుంది.

పదును

ఎప్పుడూ నూరని పాత చాకు దొరికితే నూరకండి. ఫ్యాక్టరీ పదును దాని విలువలో భాగం. వాడుకునే చాకుకు మాత్రమే ఇది. 1000 నంబరు సానరాయి ఒకటి, 3000 నంబరుది ఒకటి చాలు (నంబరు పెరిగేకొద్దీ రాయి మెత్తన). నొక్కులుంటే ముందు 400. రాయిని పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టండి. వాడగా వాడగా రాయి మధ్యలో గుంత పడుతుంది. దాన్ని చదును చేయడానికి మార్కాపురం పలక చక్కగా పనికొస్తుంది. పలక తడిపి దాని మీద 220 నంబరు వాటర్ పేపరు పరచి, రాయిని దాని మీద రుద్దండి. ముందే రాయి మీద పెన్సిలుతో గళ్ళు గీసుకుంటే, గళ్ళన్నీ చెరిగినప్పుడు చదునైనట్టు.

జేబు చాకుకు ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. 12 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడుకు వెన్ను రాయి మీదనుంచి మూడు, నాలుగు మిల్లీమీటర్లు లేవాలి. రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెడితే సుమారు మూడు మిల్లీమీటర్లు, కంటికి అలవాటయ్యేదాకా వాటితో సరిచూసుకోండి. ఒక వైపే రుద్దుతూ పోతే రెండో వైపు అంచు మీద సన్నని గరుకు మడత లేస్తుంది. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపుకు జారిస్తే తగులుతుంది. మొదలు నుంచి మొన దాకా అది తగిలాకే రెండో వైపు తిప్పాలి. చాలామంది ఇక్కడే, మడత లేవకముందే తిప్పేసి, గంటసేపు నూరినా తెగట్లేదంటారు. చివర తోలు పట్టా మీద, పదును వెనక్కి ఉండేలా, ఒక్కో వైపు ఇరవై సార్లు లాగితే ఆ మడత పోతుంది.

సైకిలు మీద సాన చక్రంతో వచ్చేవారికి కత్తిపీట ఇవ్వండి, పాత చాకు ఇవ్వకండి. పొడి చక్రం మీద సన్నని బ్లేడు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలంగా మారిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. ఇక ఎంత నూరినా ఆ చోట పదును నిలవదు.

దాచడం

నెల్లూరు, ప్రకాశంలో అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో. సెప్టెంబరు చివర ఒక ఎండరోజు చూసి చాకులన్నీ బయటికి తీసి తుడిచి, కొత్తగా నూనె రాయండి. వానల నెలల్లో పదిహేను రోజులకోసారి, మిగతా ఏడాది రెండు నెలలకోసారి చూడండి. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళు, రొయ్యల గుంటల పక్కన ఉన్నవాళ్ళు ఏడాదంతా పదిహేను రోజుల లెక్కే పెట్టుకోవడం మంచిది.

నూనె అంటే కుట్టుమిషను నూనె. కీలులో ఒక చుక్క, బ్లేడు మీద గుడ్డతో పల్చని పూత. వేరుశనగ, నువ్వుల నూనెలు నెల తిరిగేసరికి జిగురు కట్టి దుమ్మును పట్టేస్తాయి. కొబ్బరి నూనె కొన్నాళ్ళకు కంపు కొట్టి పులుస్తుంది.

తోలు తొడుగులో దాచకండి. పచ్చి తోలును శుద్ధి చేయడానికి వాడిన ఉప్పులు, ఆమ్లాలు తేమకు బయటికొచ్చి ఇత్తడి మీద పచ్చని చిలుము, ఉక్కు మీద చుక్కలు తెస్తాయి. వార్తాపత్రికలో చుట్టకండి. రబ్బరు బ్యాండు వేయకండి, అందులోని గంధకం నల్లని గీత విడుస్తుంది. బాగా ఉతికి ఆరేసిన మల్లు గుడ్డ ముక్కలో ఒక్కోదాన్ని విడిగా చుట్టి, గట్టిగా మూత పడే డబ్బాలో పెట్టండి. అడుగున 50 గ్రాముల సిలికా జెల్ పొట్లం వేయండి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే 110, 120 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచితే మళ్ళీ నీలమవుతాయి.

సెల్యులాయిడ్ పిడి చాకులు ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ డబ్బాలో వద్దు. అది పాతబడేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. గాలాడని డబ్బాలో ఆ ఆవిరి పక్క చాకులన్నిటి బ్లేళ్ళనూ తింటుంది. పైగా అది సులువుగా అంటుకునే పదార్థం, మన మే నెల ఎండలో రేకుల ఇంటి అటక మీద పెట్టాల్సింది కాదు. గాలాడే అట్టపెట్టెలో, చల్లని గదిలో విడిగా ఉంచండి. పిడి మీద పగుళ్ళు, చెమట లాంటి తడి కనిపిస్తే పిడి తీసేయించే సమయం వచ్చినట్టే.

దసరాకు ఆయుధ పూజలో చాకులు పెట్టేవారు ఎందరో. పెట్టండి, అందులో తప్పేం లేదు. పసుపు, కుంకుమ మాత్రం తడిగా బ్లేడు మీద పెట్టకండి. పళ్ళెంలో తమలపాకు వేసి, బొట్లు ఆకుకు పెట్టి, చాకును దాని పక్కన ఉంచండి. బ్లేడుకే పెట్టాలంటే ముందు నూనె పూసి, సాయంత్రం హారతి అయ్యాక వెంటనే తుడవండి. విజయదశమి తెల్లారేదాకా ఉంచితే బొట్టు ఆకారంలోనే గుంత పడుతుంది. కుంకుమ తయారీలో పులుపు, క్షారం రెండూ ఉంటాయి మరి.

పిడి మార్చాల్సి వస్తే, చట్టం చూసుకోవాల్సి వస్తే

పగిలిన పిడికి దుప్పి కొమ్ము, కణితి కొమ్ము, ఏనుగు దంతం అడగకండి. రాలిపోయిన కొమ్మైనా సరే కొనడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎర్రచందనం ముక్క కూడా బిల్లు లేకుండా ఇంట్లో ఉండకూడదు. గేదె కొమ్ము, పశువుల ఎముక, కొయ్య వాడవచ్చు. కొయ్యకైతే ఉదయగిరి ఉండనే ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన చెక్క చెంచాల పని అక్కడిది. నర్ది, బిక్కి లాంటి కొయ్యను సన్నగా చెక్కి నునుపు చేయడం వారికి చేతనైన విద్య. రెండు పలకలు, ఒక్కోటి మూడున్నర మిల్లీమీటర్ల మందం, పిడి కన్నా చుట్టూ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా కోయించుకోండి. కొయ్య పూర్తిగా ఆరిందై ఉండాలి. పచ్చి కొయ్య బిగిస్తే రెండు నెలల్లో కుంచించుకుపోయి మేకుల దగ్గర చీలుతుంది. తీసేసిన పాత పిడి ముక్కలు పారేయకుండా కవరులో వేసి, చాకు నంబరు రాసి ఉంచండి.

చిన్న మడత చాకులు ఇంట్లో దాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ పనులకు కాకుండా చేసిన, తొమ్మిది అంగుళాలు మించిన పొడవో, రెండు అంగుళాలు మించిన వెడల్పో ఉన్న బ్లేళ్ళు ఆయుధాల నిబంధనల జాబితాలోకి వస్తాయి. పాత రాంపూర్ చాకులు కొనేవారు టేపు వెంట పెట్టుకోవాలి. బటను నొక్కితే ఎగిరి తెరుచుకునేవాటి జోలికి వెళ్ళవద్దు. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు నిషేధాజ్ఞలు ఉంటే చిన్న చాకు జేబులో ఉన్నా సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. సేకరణ చాకులు ఇంకొకరికి చూపించడానికి తీసుకెళ్ళాల్సి వస్తే మూసి, గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, సంచి అడుగున వేసుకోండి. కొన్న కాగితమో, మీ పుస్తకంలో ఆ చాకు వివరాలున్న పేజీ ఫొటోనో ఫోనులో ఉంచుకోండి. విమానంలో చేతి సంచిలో అసలు పనికిరాదు, కౌంటరులో అప్పగించే సామానులోనే వేయాలి.

ఆ పుస్తకంలో ఒక్కో చాకుకు ఒక పేజీ చాలు. మూసినప్పటి పొడవు మిల్లీమీటర్లలో, బ్లేళ్ళ సంఖ్య, ముద్ర ఉన్నది ఉన్నట్టు, పిడి దేనితో చేసింది, ఎవరి దగ్గర ఏ రోజు ఎంతకు వచ్చింది, వచ్చేసరికి ఎలా ఉంది, మీరు ఏం చేశారు. పక్కన స్కేలు పెట్టి తెరిచి ఒకటి, మూసి ఒకటి, వెన్ను వైపు ఒకటి ఫొటో తీయండి. వెన్ను ఫొటో చాలామంది మరిచిపోతారు. రెండేళ్ళ తర్వాత స్ప్రింగు లేచిందా లేదా అని పోల్చుకోవడానికి పనికొచ్చేది అదే.